కోచ్ తీసేయమన్న బ్యాండ్

జిమ్‌లో ఎత్తిన బరువులన్నీ ఎప్పటికప్పుడు అక్కడే దించేసి ఇంటికి వచ్చాను. ఒక్కటి మాత్రం వెంట తెచ్చుకున్నాను. నాలుగేళ్ళయింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నన్ను చూసే అనేది. అలాంటిదాన్ని ఇన్నాళ్ళు ఎలా దాచానో నాకే ఆశ్చర్యం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, ఏమీ అనుకోను. ఆ రోజులు నిజంగా బాగుండేవి. అదే కదా నా బాధ.

ఈ పరాయి దేశంలో, షామ్‌బర్గ్ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గరలో, కార్ల టైర్లు మార్చే షాపు వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. దాన్నే జిమ్ అంటారు. అద్దాల్లేవు, ఏసీ లేదు. పైనుంచి వేలాడే తాళ్ళు, గోడవారగా ఇనుపకడ్డీలు, చెక్కపెట్టెలు. మొదటిరోజు మా ఆయన లోపలికి తొంగిచూసి, "డబ్బు కట్టి మరీ గోడౌన్‌లో పనిచేస్తావా?" అన్నాడు. కానీ పొద్దున్నే ఆ షట్టర్ పైకి లేస్తుంటే నాకు పండగలా ఉండేది.

రోజుకొక వర్కౌట్ బోర్డు మీద రాస్తారు. అందరికీ అదే. ఫైర్ స్టేషన్ కుర్రాడికీ, రిటైరైన టీచరమ్మకీ, నాకూ. మోతాదు మాత్రం ఎవరిది వారిది. దాన్ని స్కేలింగ్ అంటారు. పెట్టె మీదకు గెంతలేనివాళ్ళు ఎక్కి దిగుతారు. నేలమీద పుష్-అప్ రానివాళ్ళు గోడకు చేతులానించి చేస్తారు. ఇక పుల్-అప్, అంటే కడ్డీ పట్టుకుని గడ్డం దానిపైకి వచ్చేలా ఒళ్ళంతా లాక్కోవడం, అది రానివాళ్ళకు కడ్డీకి లావుపాటి రబ్బరు బ్యాండ్ తగిలించి అందులో కాలు పెట్టిస్తారు. అది కిందినుంచి తోస్తుంది. ఒకే గిన్నెలో పప్పు, పిల్లలకి కారం వేయకముందు తీసిపెట్టినట్టు. చివరికి అందరూ ఒకేలా నేలమీద పడి రొప్పుతారు, అందులో తేడా ఉండదు. బలం పెరిగేకొద్దీ సన్న బ్యాండ్ ఇస్తారు. ఒకరోజు తీసేస్తారు. బ్యాండ్ లేకుండా మొదటి పుల్-అప్ చేసినవాళ్ళు గోడకున్న ఇత్తడి గంట కొట్టాలి.

ఆ గంట దాకా రావడానికి నాకు ఏడాది పైనే పట్టింది. కొట్టాక అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని దండం పెట్టాను. పక్కనున్న కోచ్ కూడా పెట్టేశాడు, పాపం, ఎందుకో తెలియకుండానే. అప్పటినుంచి తలా ఒక వంట తెచ్చుకునే వీకెండ్ పాట్‌లక్‌లలో మా పిల్లల స్నేహితులకు నేను పుల్-అప్ ఆంటీని. మా ఆయన నా కండలను తన కండలన్నట్టు చెప్పుకునేవాడు. నాకది ఎంత ఇష్టమో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఈ దేశంలో ఇన్నేళ్ళు ఉద్యోగం చేశాను. ఎవరైనా నాకోసం అలా చప్పట్లు కొట్టారా?

అప్పుడు పద్మ వచ్చింది.

పద్మది కరీంనగర్. మా పై అంతస్తులో కొత్తగా దిగింది. భర్త ప్రాజెక్ట్ మీద వచ్చాడు, ఆమెది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. రోజంతా కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చుంటుంటే నేనే జిమ్‌కి లాక్కెళ్ళాను. ఇది గుర్తుపెట్టుకోండి, నా తరఫున చెప్పుకోవడానికి ఉన్నది ఇదొక్కటే. ఆమెకు ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది. పాటల హోరులో కోచ్ గబగబా మాట్లాడితే మాత్రం నా మొహం చూసేది. నేను తెలుగులో చెప్పేదాన్ని. ఆమె మాట అతనికి ఇంగ్లీషులో చెప్పేదాన్ని. నన్ను అక్కా అని పిలిచింది. మాటవరసకు అక్కా అనేవాళ్ళు చాలామంది ఉంటారు. పద్మకు అక్క అంటే అక్కే. నా మాట దాటి కోచ్‌ని అడగాలని ఆమెకు తోచనే తోచదు.

స్కూల్లో ఖో-ఖో ఆడిందట. ఎండాకాలం చివర చేరింది, మంచు పడేసరికి అన్నిటికంటే సన్న బ్యాండ్ దాకా వచ్చేసింది. నేను పళ్ళు బిగించి చేసేదాన్ని ఆమె నవ్వుతూ చేసేది. ఒకరోజు తిరిగొస్తుంటే కార్‌లో అంది, "ఈడ నాకంటూ ఒక్కటన్న ఉండాలె అక్కా. ఆ గంట నేను కొట్టాలె." ఆ మాట ఎంత లోతునుంచి వచ్చిందో నాకు తెలుసు. తెలిసీ, వినపడనట్టు వైపర్లు ఆన్ చేశాను.

ఆ చలికాలంలోనే ఒక పొద్దున. పద్మ కడ్డీ పట్టుకుని పైకి లేస్తూ దిగుతోంది. ఆమె కాలు బ్యాండ్‌లో పేరుకే ఉంది. కోచ్ చేతులు కట్టుకుని చూసి, పాటల హోరులో నాతో గబగబా అన్నాడు. "షీ ఈజ్ రెడీ. టెల్ హర్ టు టేక్ ద బ్యాండ్ ఆఫ్. టుడే."

పద్మ చెమట తుడుచుకుంటూ నావైపు తిరిగింది. "ఏమంటున్నడక్కా?"

"ఇంకొన్నాళ్ళు ఆగమంటున్నాడు," అన్నాను. "భుజం ఇంకా గట్టిపడాలట."

మొహం చిన్నబోయింది. అంతలోనే నవ్వేసింది. "గట్లనా. సరే అక్కా, నువ్వెట్ల చెప్తే అట్ల."

కోచ్ కనుబొమలెగరేశాడు. ఆమెకు భయంగా ఉందట, ఒత్తిడి చేయొద్దని అతనికి చెప్పాను. మంచివాడు. తలూపి వెళ్ళిపోయాడు.

అబద్ధం రెండు భాషల్లో చెప్పాను. ఎందుకు? నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. భుజం దెబ్బతింటుందని నిజంగానే భయపడ్డానేమో అని ఒకసారి, ఏదో తొందరలో నోరు జారిందేమో అని ఇంకోసారి, ఇలా నా మీద నాకే జాలి కలిగేలా ఎన్నో చెప్పుకుని చూశాను, కానీ నోరు జారితే ఒకసారి జారుతుంది, కోచ్ మళ్ళీ అడిగినప్పుడల్లా అదే తీరుగా జారదు. అసూయ. అంతే. పుల్-అప్ ఆంటీ ఇంకొకరు ఉండకూడదనుకున్నాను. స్కేలింగ్ ఉన్నది మనిషిని మెల్లగా పైకి తేవడానికి. దాన్నే అడ్డం పెట్టి నేను ఆమెను కింద ఉంచాను.

ఆమె ఏం చేసిందో తెలుసా? భుజం గట్టిపడాలని ఇంట్లో పాల గ్యాలన్ డబ్బాలు రెండు చేతులా పట్టుకుని ఎత్తేది. "సూడక్కా, పాలు పెరుగైతయేమో!" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వు నిజమే. అది ఇంకా ఘోరం కదా?

వేసవిలో మా తెలుగువాళ్ళ పిక్నిక్ జరిగింది. పిల్లలు వేలాడి ఆడుకునే ఇనుపకడ్డీల దగ్గర మావాడు పద్మను రెచ్చగొట్టాడు. "పద్మా ఆంటీ, మా మామ్ చేస్తది. యూ కాంట్!" పద్మ చున్నీ నడుముకు చుట్టింది. ఎగిరి కడ్డీ పట్టుకుంది. అక్కడ బ్యాండ్ లేదు, కోచ్ లేడు, తెలుగులో చెప్పడానికి నేను దగ్గర లేను. బిర్యానీ ట్రేల దగ్గర గరిట పట్టుకుని నిలబడి ఉన్నాను. గడ్డం కడ్డీ దాటింది. దిగింది. మళ్ళీ దాటింది. పిల్లలు కేకలు, పెద్దవాళ్ళు ఈలలు, వాళ్ళాయన ప్లేటు కిందపెట్టి గంతులు. నేను గరిటతో సహా పరిగెత్తాను. నమ్ముతారో లేదో, ఆ క్షణంలో నాకు అసూయ లేదు. ఒళ్ళంతా సంతోషం. ఇంత సంతోషాన్నా నేను ఆపింది?

ఆమె నన్ను గట్టిగా పట్టుకుంది. "అక్కా, నువ్వు ఆపకపోతే నా భుజం పోతుండె. నీవల్లనే అయింది!" అందరూ నాకు కూడా చప్పట్లు కొట్టారు. వద్దనలేదు. రెండో తప్పు అది. మొదటిదానికంటే పెద్దదేమో.

సోమవారం జిమ్‌లో పద్మ గంట కొట్టింది. "భయం పోయిందా?" అని కోచ్ ఇంగ్లీషులో నవ్వుతూ అడిగాడు. ఏం భయం అన్నట్టు పద్మ నావైపు చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆమె కూడా నవ్వేసింది. అలా గడిచిపోయింది.

ఇప్పుడు పద్మ ఆ షెడ్డులోనే కోచ్. పని చేసుకునే అనుమతి రాగానే శనివారం క్లాసు తీసుకుంది. నేను మంచులో జారి మణికట్టు విరగ్గొట్టుకుని, చాలాకాలానికి మళ్ళీ వెళ్ళాను. లావు బ్యాండ్‌తో మొదలు. తర్వాత సన్నది. దాన్ని వదలబుద్ధి కాలేదు. కిందటి శనివారం పద్మ వచ్చి పక్కన నిలబడింది. చేతులు కట్టుకుని చూసింది.

"అక్కా, బ్యాండ్ తీసెయ్."

"భయంగా ఉంది పద్మా," అన్నాను. ఈసారి నిజంగానే భయం.

"ఏం గాదు. నేనున్న గదా. తీసెయ్."

తీసేశాను. పైకి వెళ్ళాను. గంట కొట్టాను, దండం పెట్టాను, పద్మ కూడా పెట్టింది, ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో అనుకుంది. సంతోషమే. కానీ అదొక్కటే కాదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. థాంక్స్ మాత్రం బయటికొచ్చింది.

తీసెయ్ అన్న ఒక్క మాటకు ఎంతసేపు పట్టిందని? ఆమె చూసిన వెంటనే చెప్పేసింది. నేను చలికాలమంతా మింగి కూర్చున్నాను.

పద్మ తెలుగు బాగా చదువుతుంది. ఇది ఆమె కంటపడితే పాల గ్యాలన్ల దగ్గరే నన్ను గుర్తుపడుతుంది. పట్టనీ. తర్వాత నన్ను అక్కా అంటుందో లేదో తెలియదు. అనమని అడగను. నా పని ఒకటి మిగిలిపోయింది, అది పూర్తి చేస్తాను. ఇప్పటికే తేలిగ్గా ఉంది.

పద్మా, ఆ పొద్దున ఏమంటున్నడని అడిగావు కదా. కోచ్ అన్నది ఇదీ. "ఆమె రెడీ. బ్యాండ్ తీసేయమను. ఇవాళే."