సీమ జట్టు మీద ఒక్క గెలుపు

నిన్న మా మునిమనవరాలు సెల్‌ఫోన్ నా మొహం ముందు పెట్టి, "తాతమ్మా, మన దేశం పిల్లలు మంచు మీద హాకీ ఆడుతున్నారు, చూడు" అంది. పరదేశాల జట్లతో ఆడినవాటిలో ఓడినవే ఎక్కువట. తన కొంపే మునిగినట్టు బాధపడింది. నేను మాత్రం ఆ పిల్లల కాళ్ళకున్న దళసరి తొడుగులనే చూస్తూ కూర్చున్నాను. మా అన్నయ్య ఉత్త కాళ్ళతో ఆడేవాడు.

యుద్ధకాలం అది. మంగళగిరిలో మాది నేతగాళ్ళ వీధి. ఎండాకాలం వస్తే మా కుర్రాళ్ళు ముంజలు తిన్న జిగట చేతులతోనే వంకర తాటిమట్టలు చెక్కుకుని, తెగిన పోగులు ఉండచుట్టి, గంజిలో ముంచి, ఎండబెట్టి హాకీ ఆడేవాళ్ళు. బెజవాడ రైల్వే కాలనీలో దొరల పిల్లల జట్టుండేది. వాళ్ళవి అసలైన కర్రలు, తోలు బూట్లు, రాయిలాంటి బంతి. వాళ్ళతో ఆడితే "సీమ మ్యాచి" అనేవారు, సీమంటే ఇంగ్లండు. ప్రతిసారీ ఓటమే. ఎన్ని గోల్సు పడ్డాయని పెద్దలెవరూ అడిగేవారు కాదు. మర్నాడు పొద్దున్నే అరుగుల మీద చెవులు రిక్కించి కూర్చునేవారు, ఏ ఇంట మగ్గం ఆడటం లేదా అని. గుంటలో కూర్చుని తొక్కే మగ్గాలు మావి. కాలికి దెబ్బ తగిలితే ఆ ఇంట పొయ్యిలో పిల్లి లేవదన్నమాటే. మ్యాచికో మగ్గం మూగబోతుంటే, చెప్పొద్దూ, నేను మా అన్నయ్య కాళ్ళే తడిమి చూసుకునేదాన్ని.

ఎందుకంటే నాన్నకి ఉబ్బసం. మా మగ్గం, తిండి, నా చదువు అన్నీ అన్నయ్య కాళ్ళ మీదే. "పిల్ల చురుకైందండీ, చదివిస్తే టీచరవుతుంది" అని పంతులుగారు నాన్నతో అన్నప్పట్నుంచీ నేను నేల మీద నడిచేదాన్ని కాదు.

చివరి మ్యాచికి ముందురోజు నాయనమ్మ కొండెక్కి పానకాలస్వామికి పానకం పోయించి వచ్చింది.

"గెలవాలనా?" అన్నాడు అన్నయ్య.

"గెలుపు తగలెయ్య! నీ కాళ్ళు ఇంటికొస్తే చాలని మొక్కానురా."

మర్నాడు ఆకు కదల్లేదు, ఉక్క. సాయంత్రం వీధి మొదట్లో ఈలలు, కేకలు! గెలిచారు! అన్నయ్యని మంచమ్మీద మోసుకొస్తుంటే ఊరేగింపనుకుని గంతులేశాను. నాయనమ్మ అలా అనుకోలేదు. వాడి కుడికాలు ఒళ్ళో పెట్టుకుని, "వేళ్ళు కదుపు నాయనా, ఏదీ, కదుపు" అంది. అన్నయ్య నావంక చూసి నవ్వబోయాడు. వేళ్ళు కదల్లేదు.

తెల్లారి వీధి వీధంతా చెవులు రిక్కించింది. మా మగ్గం ఆడింది. తొక్కింది నేను. "ఆడపిల్ల గుంటలో దిగటమేందమ్మా!" అని అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. అన్నయ్య పక్కన కూర్చుని, తలెత్తకుండా, నాకు నూలు కండెలు చుట్టి ఇచ్చేవాడు. బడిగంట వినపడే వేళకి నేను ఇంకా గట్టిగా తొక్కేదాన్ని. కోపం, మరి. ఆ కోపం ఇప్పటికీ చావలేదు.

ఇప్పుడు వీధిలో మగ్గాల్లేవు, మా గుంట పూడ్చి టైల్స్ పరిచారు. దొరల పిల్లలు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. అన్నయ్యా పోయాడు.

"మీవాళ్ళు ఒక్కసారైనా గెలిచారా తాతమ్మా?" అంది మునిమనవరాలు.

"ఒక్కసారి."

"అబ్బ! ఎంత సంబరపడ్డారో!" అని చప్పట్లు కొట్టింది.

ఆ ఒక్కటీ కూడా ఓడిపోయి రాకూడదా అన్నయ్యా.