పడవను ఆపే రేకు

స్టాక్‌హోమ్‌లో తన దగ్గరే ఉండిపొమ్మని ఒప్పించడానికి మేనకోడలు నన్ను ఊరంతా, చుట్టూ ఉన్న దీవులన్నీ తిప్పింది. శుభ్రంగానే ఉన్నాయి. ఆస్పత్రి గదులూ శుభ్రంగానే ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు ఒక దీవి రేవులో నిలబడి ఎంత చేతులూపినా పడవ ఆగకుండా పోయింది.

"అయ్యో, పడవ ఆగాలంటే ఆ స్తంభానికున్న గుండ్రటి రేకు పైకి తిప్పాలి మావయ్యా, మర్చిపోయాను. ఇక్కడ రూలు అదే."

"ఇద్దరు మనుషులం కనబడలేదేటి వాడికి? రేకు కనబడితేనే ఆగుతాడా?"

"నువ్వు మరీను!"

మా రంగూన్‌లో నది దాటించే పడవ రేవు వదిలాక పరిగెత్తుకొచ్చినా, ఎవరో ఒకరు చెయ్యందించి లాక్కుంటారు. తర్వాతి పడవ కోసం చలిలో కూర్చున్నాం. ఈసారి రేకు నేనే తిప్పాను. పడవ ఎక్కగానే రంగూన్‌కి టిక్కెట్టు తియ్యమన్నాను.