లచ్చవ్వ నూనె పూయనన్న రోజు

బచ్చన్నపేట పక్క ఊళ్లో ఎవరికి ఒళ్లు కాలినా ముందు లచ్చవ్వ ఇంటికే వచ్చేవారు. సున్నపు తేటలో కొబ్బరినూనె పోసి, వెన్నలా తెల్లబడేదాకా చిలికి, కోడి ఈకతో పూసేది. అత్త నేర్పిన పని అది. చిన్నచిన్న బొబ్బలు తగ్గేవి. ముప్పై ఏళ్లలో ఆమెకు పేరొచ్చింది.

నిరుడు పత్తికట్టె తగలబెడుతూ కాలు కాల్చుకున్న రైతు టీక్యాకూ అలాగే పూసింది. వారానికి పుండు చీము పట్టింది. అతను మూడు నెలలు మంచం దిగలేదు. లచ్చవ్వను మాత్రం ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెను తినేసింది.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం అఖిల్ తన భార్య గ్రేస్‌ను బండి మీద తీసుకొచ్చాడు. గారెలు వేస్తుంటే మూకుడు తిరగబడి, కాగిన నూనె ముంజేతి మీద పడింది.

"అవ్వా, జల్ది పుయ్యి," అన్నాడు అఖిల్.

చెయ్యి చుట్టూ ఎర్రగా ఉంది. నడుమ అరచేతి మేర మాత్రం తెల్లగా, తోలులా బిగుసుకుపోయింది.

"గీడ నొప్పి లేస్తుందా బిడ్డా?"

"గక్కడ ఏం తెలుస్తలేదవ్వా," అంది గ్రేస్.

టీక్యా కాలు కూడా నడుమ ఇలాగే తెల్లగా, నొప్పి తెలియకుండా ఉండేది. లచ్చవ్వ గ్రేస్ గాజులు తీయించి, చెయ్యి నల్లా నీళ్ల కింద పెట్టించింది.

"నూనె వద్దు. దవాఖానకు పోదాం."

"ఊరోళ్లందరికి పూస్తివి. మాకెందుకు పుయ్యవ్?" అఖిల్ గొంతు లేచింది.

"టీక్యా కాలు నేనే ఖరాబ్ చేసిన కొడుకా. గిది నాతోని కాదు."

ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు.

కొంతసేపటికి ఉతికిన బట్ట వదులుగా కప్పి, ముగ్గురూ ఆటోలో జనగామకు బయలుదేరారు. దారి పొడవునా లచ్చవ్వకు ఒకటే దిగులు. పూయకపోవడమే తప్పైతే? ఈ పిల్ల చెయ్యి పోతే?

"ఏం పూసిన్రు?" జనగామ దవాఖానలో డాక్టర్ అడిగాడు.

"నీళ్లే పోసినం సారూ," అంది లచ్చవ్వ.

"మంచిగ చేసిన్రు. నూనె పూస్తే వేడి లోపలే ఉంటది."

వరంగల్‌కు పంపారు. అక్కడ తొడ తోలు తీసి అతికించారు. రెండు నెలలకు గ్రేస్ పనులు చేసుకోగలిగింది, మణికట్టు మాత్రం పూర్తిగా వంగదు.

ఇప్పుడు ఎవరొచ్చినా లచ్చవ్వ ముందు నల్లా దగ్గరికి, తర్వాత దవాఖానకు పంపుతుంది. పుండు పూర్తిగా మానాక, డాక్టర్ సరేనంటేనే మచ్చకు వట్టి కొబ్బరినూనె రాస్తుంది. ఆమెకు భయం పట్టుకుందని కొందరంటారు. నిజమేనంటుంది.