మా వీధి మొసలి

నా చిన్నప్పుడు మా దీవిలోని జంగ్లీఘాట్‌లో మా వీధికి సొంతంగా ఒక మొసలి ఉండేది. దాన్ని చూసినవాళ్ళెవరూ లేరు. అయినా అది ఎంత పొడుగో, ఏ క్రీకులో కాపురముంటుందో అందరూ చెప్పగలిగేవాళ్ళు. మా పక్కింటి అక్క ఎడమ కాలి వేళ్ళను తినేసింది అదేనని వీధి నమ్మకం. అక్క అంతకుముందు పక్క దీవి హావ్‌లాక్‌లో టూరిస్టులను సముద్రం అడుగుకు తీసుకెళ్ళే బోటు మీద పనిచేసేది. అప్పుడు జరిగిన ఘోరమట. ఫారెస్టు వాళ్ళు కొన్నాళ్ళు బోను కూడా పెట్టారట. మొసలి పడలేదు. పాపం, పడాల్సిన అవసరం దానికేమీ లేదని నాకు తర్వాత తెలిసింది.

మాది చేపల వేట మీద బతికే ఇల్లు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన తాతలు వలలతో పాటు వలల మర్యాదలు కూడా ఓడెక్కించి తెచ్చారు. నెలసరిలో ఉన్న ఆడది వల ముట్టకూడదు, వల దాటకూడదు, పడవ దగ్గరికి పోకూడదు. ఆ రోజుల్లో ఆమె చాప వరండాలోకి వస్తుంది. చాప చూసి వీధంతా సంగతి గ్రహిస్తుంది. నాన్నకు చేపలు పడకపోతే, ఆ వారం వరండాలో ఎవరి చాప ఉందో నానమ్మ గుర్తుచేసేది. సముద్రంలోని చేపలన్నీ నా ఒంటి మీద నిఘా పెట్టాయని నాకు పదమూడేళ్ళకే అర్థమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్కూల్లో ఈత పోటీలకు ఎంపికలు వచ్చిపడ్డాయి. ఎంపికైతే ఓడెక్కి మెయిన్‌లాండ్ వెళ్ళొచ్చు. చాప బయటికొస్తే గడప దాటడమే కష్టం. విదేశీ టూరిస్టుల కోసం టాంపాన్లు తెప్పించే మందుల షాపు ఒకటుందని క్లాసులో ఎవరో చెప్పారు. వేలంత మందాన గట్టిగా చుట్టిన దూది. లోపల పెట్టుకుంటే నెత్తురును లోపలే పీల్చుకుంటుంది, ఈదినా ఎవరికీ తెలియదు. వెళ్ళి కొన్నాను. పెట్టెల మీద ఎంత పీలుస్తాయో చెప్పే చుక్కల బొమ్మలున్నాయి. చేపల బజారు పక్కన పెరిగిన బుర్ర కనుక, ఎక్కువ చుక్కలున్నదే మేలైన సరుకని తేల్చుకుని అన్నిటికన్నా పెద్దది తెచ్చుకున్నాను. తెల్లవారకముందే పెట్టుకుని, రాత్రి నానమ్మ పడుకున్నాక తీసేయాలన్నది నా పథకం. బాత్రూముకు ఎవరెన్నిసార్లు వెళ్ళారో ఆవిడకు తెలుస్తుంది కాబట్టి ఒక్కటే రోజంతా కాయాలి. అందులో నాకు లోపమేదీ కనిపించలేదు.

పెట్టుకోవడం ఎలాగో మాత్రం తెలియలేదు. ఎంపికల ముందు రోజు సాయంత్రం, అప్పుడే మొదలైన నెలసరిని ఇంట్లో దాచిపెట్టి, పెట్టెతో అక్క గదిలోకి దూరాను. అక్క తలుపేసి అంతా విన్నది. రోజంతా ఒక్కటే అన్న ముక్క దగ్గర ఆపమని సైగ చేసి, బూటు విప్పింది. ఎంత ఉక్కలోనైనా బూట్లు వేసుకునే మనిషి. మేజోడు కూడా లాగేసింది. వేళ్ళుండాల్సిన చోట మెరిసే చర్మం, కుట్ల మడతలు.

"మొసలీ గిసలీ ఏటీ లేదే," అంది. పెట్టె మీద వేలితో కొట్టింది. "ఇదే."

బోటు మీద ఆడది తనొక్కతే. బాత్రూము లేదు. పెద్ద టాంపాన్ పెట్టుకుని పగలంతా పనిచేసి, అలసిపోయి అలాగే నిద్రపోయింది. మర్నాడు జ్వరమొస్తే ఎండదెబ్బ అన్నారు. ఆ వెనక వాంతులు, ఒళ్ళంతా కాలినట్టు ఎర్రటి దద్దుర్లు, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. ఆసుపత్రిలో డాక్టరు దోమల గురించి అడిగాడు, తిన్న చేప గురించి అడిగాడు. అక్కకు అనుమానం తగిలింది, కానీ మంచం పక్కన వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన ముందు ఆ మాట అనడం కన్నా చచ్చిపోవడం మర్యాదగా తోచిందట. చివరికి ఒక నర్సు ఆయన్ని టీ తెమ్మని బయటికి పంపి, అక్క చెవి దగ్గర వంగి, నెలసరా, లోపల ఏమైనా పెట్టుకున్నావా అని అడిగింది. ఆ టీ పుణ్యమా అని ప్రాణం దక్కింది. టీ ఆలోచన కాస్త ఆలస్యంగా వచ్చింది కనుక వేళ్ళు దక్కలేదు. గంటల తరబడి లోపలే ఉన్న దూది దగ్గర సూక్ష్మజీవులు పుట్టించిన విషం నెత్తురులో కలిసి అప్పటికే అవి నల్లబడ్డాయి. మొసలి వాళ్ళమ్మ సృష్టి. వీధికి చెప్పుకోదగ్గ కారణం కావాలి కదా.

నేను పెట్టె అక్కడే వదిలేసి పారిపోదామనుకున్నాను. అక్క పోనివ్వలేదు. భయపడమని చెప్పలేదే, తెలుసుకోమంటన్నా అని, తనే బూటు తొడుక్కుని షాపు దాకా కుంటుకుంటూ వెళ్ళి అన్నిటికన్నా చిన్నవి తెచ్చింది. అప్పుడు ఒక్కొక్కటే చెప్పింది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఒళ్ళు వదులుగా ఉంచి, నడుము వైపుకు ఏటవాలుగా తోయాలి. నొప్పి పుడితే బలవంతం చేయకూడదు. పెట్టుకున్నాక అది ఉన్నట్టే తెలియకూడదు, తెలుస్తోందంటే సరిగా కూర్చోలేదని. ఒకటి తీయకుండా ఇంకొకటి పెట్టకూడదు. నాలుగు గంటలకోసారి మార్చాలి, ఏమైనా సరే ఎనిమిది గంటలు దాటకూడదు. రాత్రికి మామూలు ప్యాడే. లోపలికెళ్ళి తప్పిపోతే ఎలాగని అడిగాను.

"ఓడేటే ఇది, ఎటో ఎల్లిపోడానికి? లోపల గోడుంది, బయట దారముంది. బస్."

జ్వరం, వాంతులు, దద్దుర్లు, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసేసి ఆసుపత్రికి పరుగెత్తాలని చెప్పింది. అక్కడ డాక్టరుకు ఏం చెబుతావని అడిగింది. గొణిగాను. చెప్పాల్సింది నాకు కాదు అంటూ అక్క నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది. అక్కడ వాళ్ళ నాన్న, నాకు వరసకు పెదనాన్న, కాళ్ళ ముందు వల పరుచుకుని చిరుగులు కడుతున్నాడు.

"ఈయనకి సెప్పు."

వలకు అడుగు దూరంలో నిలబడ్డాను. మా ఇళ్ళలో అదే పెద్ద తప్పు. ఇక నోటితో కూడా చెప్పాలి. డాక్టరుకు చెప్పాల్సిన మాటనే నేల చూస్తూ చెప్పాను: నాకు నెలసరి పెదనాన్నా, లోపల టాంపాన్ పెట్టుకున్నాను.

వలలో సూది ఆగింది. ఆయన తలెత్తలేదు.

"మల్లీ సెప్పు తల్లీ. నాకు ఇనబడాల."

ఆయన చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. ఈసారి ఎదురింటి దాకా వినిపించేలా చెప్పాను. ఆయన కళ్ళు కూతురి కాలి మీద ఆగాయి. షాపు నుంచి వచ్చి విప్పిన బూటు అక్క మళ్ళీ వేసుకోవడం మర్చిపోయింది. ఆయన వల అంచు ఎత్తి నా వైపు చాచాడు.

"ఈ కొస పట్టుకో. ముడి బిగించాల."

పట్టుకున్నాను. ఇద్దరం చీకటి పడేదాకా ముడులు వేశాం. మర్నాడు ఆయన అదే వలతో వేటకు వెళ్ళాడు. చేపలు ఎప్పటిలాగే కొన్ని పడ్డాయి, చాలా పడలేదు.

కబురు నాకన్నా ముందే మా ఇంటికి చేరింది, చాప వరండాలోకి వచ్చింది. తెల్లారాక అక్క మా నానమ్మ ఎదుటే నన్ను ఆటో ఎక్కించి తనూ ఎక్కింది. ఎంపికల్లో ముగ్గురిని తీసుకున్నారు, నేను నాలుగోదాన్ని. ఒడ్డెక్కగానే అక్క వాచీ చూసి, ముందెళ్ళి తీసేసి రా, తర్వాత ఏడుద్దువు అంది.

అక్క ఇప్పుడు లేదు. మొసలి మాత్రం ఇంకా ఉంది, ఏటా కాస్త పొడుగు పెరుగుతోంది. మా కుటుంబాల్లో ఏ ఆడపిల్లకు జ్వరంతో ఒళ్ళు కాలినా నేను మంచం దగ్గరికి వెళ్తాను, చుట్టూ ఎంతమంది మగవాళ్ళున్నా అడగాల్సింది పైకే అడుగుతాను. టీ తెమ్మని ఎవరినీ బయటికి పంపను.