విల్హో ట్యాంకులో పెట్రోలు

రెయినో సాలో బండి కింద వెల్లకిలా పడుకుని, ఫిల్టరు గిన్నె అడుగున ఉన్న మరను రెండు వేళ్లతో మెల్లగా వదులు చేశాడు. ఇంధనం గాజు సీసాలోకి బొట్టు బొట్టుగా దిగింది. చూడకముందే వాసన తెలిసింది. డీజిల్ వాసన ఇంత ఘాటుగా ముక్కుకు తగలదు. ఇందులో పెట్రోలు ఉంది.

మరను మళ్లీ బిగించాడు.

బండి విల్హోది. విల్హో కర్వోనెన్ ఫిబ్రవరిలో పోయాడు. జనవరి చలిలో ఆగిపోయిన బండి మే నెల దాకా అతని పెరట్లోనే మంచులో మునిగి, మంచు కరిగాక బురదలో నిలబడి ఉంది. నిన్న రెయినో తన పెట్రోలు బండికి గొలుసు కట్టి దాన్ని షెడ్డుకు లాక్కొచ్చాడు. విల్హో డీజిల్ బండిని లాగే రోజొకటి వస్తుందని ముప్పై ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. ఆ రోజు వచ్చింది. దారిపొడవునా అద్దంలో వెనక్కి చూసుకుంటూ వచ్చాడు గానీ, నవ్వు రాలేదు.

షెడ్డు అవతలి సగంలో ట్రైలరు మీద పడవ ఉంది. ఇరవై ఆరు అడుగులది. రెండు చలికాలాలు ఇద్దరూ కలిసి కట్టారు. విల్హో రేకు వంచేవాడు, రెయినో వెల్డింగు చేసేవాడు. పేరు దగ్గర మాత్రం కుదరలేదు. అందుకే పేరు రాయాల్సిన చోటు ఇప్పటికీ ఖాళీ. కాగితాల్లో పడవ విల్హోది. పన్నెండేళ్లుగా చలికాలం గడిచేది మాత్రం ఇక్కడే, రెయినో కాఫీ తాగే బల్లకు నాలుగడుగుల దూరంలో.

బరువు లాగడానికి పెట్రోలా, డీజిలా అన్నదే వాళ్ల పెద్ద తగాదా. "నీ గులకరాళ్ల డబ్బా చలిలో కన్ను తెరవదురా" అనేవాడు రెయినో. "నీ కుట్టుమిషను కొండ దిగేటప్పుడు దేవుణ్ణి తలుచుకుంటుంది కదరా" అనేవాడు విల్హో. ఇద్దరిదీ కొంత నిజమే. పడవ దించే రేవు ఊళ్లోనే, మైలు దూరం. నెలకు నాలుగుసార్లు ఆ మైలుకు డీజిల్ దండగ. చిన్న చిన్న తిరుగుళ్లకు దాని పొగగొట్టంలో మసి పేరుకుంటుంది. అదే నాలుగు టన్నులు వెనక కట్టుకుని కొండలు ఎక్కి దిగాలంటే సంగతి వేరు.

తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. విల్హో భార్య సైమా. చేతిలో ఫ్లాస్కు, గుడ్డలో చుట్టిన యాలకుల రొట్టె.

"కిందే ఉంటావా, బయటికొస్తావా?"

"వస్తున్నా. రొట్టె నువ్వే చేశావా?"

"కాదు, బండి చేసింది. లేచి చేతులు కడుక్కో."

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. సైమా పడవ వైపు చూడకుండా, ముందే అనుకుని వచ్చినట్టు చెప్పుకొచ్చింది.

"తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. పెద్ద సరస్సు అవతల, మిన్నెసోటా గట్టున ట్రౌటు చేప బాగా పడుతోందట. ఇద్దరం కలిసి పట్టుకుందాం రమ్మంటున్నాడు. అక్కడ పడవ కట్టేసుకునే చోటు లేదు. రోజూ దించాలి, రోజూ ఎక్కించాలి. గట్టు నిటారుగా ఉంటుంది. నా చిన్న పెట్రోలు బండికి అంత చేవ లేదు."

"లేదు. బ్రేకులు కాలిపోతాయి."

"అందుకే అడుగుతున్నా. ఇది బాగవుతుందంటే పడవ తీసుకెళ్తా. అవదంటే ఇంకో పెద్ద బండి ఈ ఏడాది నా వల్ల కాదు. పడవ నీ దగ్గరే ఉంటుంది. నేను వెళ్లి చేపలు కోసుకుంటూ కూర్చుంటా." కప్పు కింద పెట్టింది. "నీ మాటే మాట, రెయినో. ఇంకెవరినీ అడగను."

రెయినో సీసాను వెలుతురుకు పట్టి చూశాడు. ఇంధనం తోడే పంపు పోయింది అంటే చాలు. సైమా నమ్ముతుంది. పడవ కదలదు.

"దీన్లో పెట్రోలుంది. ఎవరు పోశారు?"

"ఆయనే. చలికి డీజిల్ మైనంలా గట్టిపడిపోయింది. మా మామ కట్టెల ట్రాక్టరులో అలాగే పోసేవాడని, డబ్బాడు పోశాడు."

మా నాన్నా అలాగే పోసేవాడు అనుకున్నాడు రెయినో. ఆ పాత ఇంజన్లు ఏం పోసినా అరాయించుకునేవి. ఈ కొత్తవాటిలో పంపుకు డీజిలే నూనె. పెట్రోలు కలిస్తే లోపలి ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. ఆ సంగతి విల్హోకు తెలియనిది కాదు.

"నన్ను పిలిస్తే పోయేదిగా. వేడిగాలి యంత్రం తెచ్చి పెడితే గంటలో కరిగేది."

సైమా రొట్టె ముక్క తుంచింది. నోట్లో పెట్టుకోలేదు.

"ఫోన్ చెయ్యమన్నాను. చేస్తే వాడు చంకలు గుద్దుకుంటాడే అన్నాడు. ముప్పై ఏళ్లుగా వాడు ఈ రోజు కోసమే కాచుక్కూర్చున్నాడు అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. పోసుకుని బయల్దేరాడు. వంతెన దాకా వెళ్లి ఆగిపోయింది. అక్కణ్ణించి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. బండిని మర్నాడు పక్కింటివాళ్లు లాక్కొచ్చి పెరట్లో పెట్టారు. అసలే ఊపిరితిత్తులు బాగాలేవు. వారానికల్లా ఆస్పత్రి."

"ఎటు బయల్దేరాడు?"

"ఇక్కడికే. పడవకి పేరు తట్టిందన్నాడు. ఏం పేరంటే, ముందు వాడికి చెప్పాలి అన్నాడు."

బయట సరస్సు మీద గల్ పక్షులు అరుస్తున్నాయి. రెయినో తన చేతుల్ని చూసుకున్నాడు. గోళ్ల కింద నలుపు, సబ్బుకు వదలని నలుపు.

"నిన్ను అనాలని చెప్పలేదు" అంది సైమా.

"తెలుసు."

ఆమె వెళ్లిపోయాక ఫిల్టరు విప్పాడు. ఉతికిన తెల్లగుడ్డ పరిచి, సీసాలోది దాని మీద వంపి, అయస్కాంతాన్ని గుడ్డంతా తిప్పాడు. పంపు అరిగి ఉంటే ఇనుప రజను మిలమిలా మెరుస్తుంది. మెరవలేదు. అయస్కాంతాన్ని బొటనవేలితో తుడిచి మళ్లీ తిప్పాడు. ఆ రెండోసారి తిప్పింది అనుమానం తీరక కాదని అతనికి తెలుసు. ఒక్క మెరుపైనా కనబడుతుందేమోనన్న ఆశతో. గుడ్డ శుభ్రంగా ఉంది. విల్హో వంతెన దగ్గర ఇంజను ఆగగానే మళ్లీ మళ్లీ తిప్పి చంపకుండా, తాళం తీసేసి నడిచాడన్నమాట. బండిని కాపాడుకున్నాడు.

రెయినో ఫోన్ తీశాడు.

"సైమా, పంపు బాగుంది. మూడు రోజుల పని."

సైమా అడిగింది. "కొండల మీద ఇది తట్టుకుంటుందా? దీన్ని అమ్మి పెట్రోలుది వెతకమంటావా?"

"ఆ కొండలకి డీజిలే." ముప్పై ఏళ్లలో ఆ మాట అతను పైకనడం అదే మొదటిసారి. "దిగేటప్పుడు ఇంజనే పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు పెట్టే పని ఉండదు. వాడు చెప్పింది నిజమే."

ట్యాంకు దించి కడిగాడు. గొట్టాలన్నీ ఊది, కొత్త ఫిల్టరు వేసి, శుభ్రమైన డీజిల్‌తో పంపు నింపాడు. ట్రైలరు చక్రాల బేరింగులు విప్పి కొత్త గ్రీజు పెట్టాడు. పడవలో తను వేసిన అతుకులన్నీ వేలితో తడిమి చూశాడు. ఎక్కడా బీటు లేదు. మూడో రోజు సాయంత్రం రంగు డబ్బా, సన్న కుంచె తీసుకుని పడవ ముక్కు దగ్గర ఖాళీ చోటు ముందు నిలబడ్డాడు. విల్హోకు తట్టిన పేరేమిటో ఎంత ఆలోచించినా అందలేదు. కుంచె తడపకుండానే మూత పెట్టేశాడు.

నాలుగో రోజు ఉదయం సైమా వచ్చింది. బండిని వెనక్కి పెట్టి, కొక్కెం దించి, రెండు గొలుసులూ ఒకదాని మీదుగా ఒకటి మెలివేసి తగిలించాడు. ఆమె ఎక్కి తాళం తిప్పింది. గులకరాళ్లు దొర్లినట్టు మోత షెడ్డంతా నిండింది.

"బ్రేకు నొక్కు." ట్రైలరు వెనక రెండు ఎర్ర దీపాలూ వెలిగాయి. "ఎడమ. ఇప్పుడు కుడి. సరే, ఆపు."

"ఏమీ అనవా దీన్ని?" సైమా కిటికీలోంచి అడిగింది.

"బాగానే మోగుతోంది."

"వేసవిలో రా. ఆ పేరేదో ఇద్దరం ఆలోచిద్దాం."

"చూద్దాం. తాళం ఇలా ఇవ్వు."

జేబులోంచి పడవ అడుగు రంధ్రానికి వేసే ఇత్తడి బిరడా తీశాడు. పన్నెండేళ్ల కిందట లేతు యంత్రం మీద తనే తిప్పి చేసింది. మర్చిపోయి పడవ దించకుండా దాన్ని బండి తాళానికే కట్టుకోవడం ఇక్కడి అలవాటు. కొత్త తాడుతో ముడి వేసి, లాగి చూసి, ఆమె అరచేతిలో పెట్టాడు.

"నీళ్లలోకి దించే ముందు బిగించు" అన్నాడు.