బావికి మూలలొచ్చిన రోజు

ఆ రోజుల్లో కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. గుళ్ళో అలవాటుకొద్దీ దణ్ణం పెట్టేదాన్ని గానీ, భయభక్తులంటే ఏమిటో నాకు తెలిసింది మాత్రం ఆ గదిలోనే. సివిల్ డిప్లొమా పట్టుకుని గుంటూరు బ్రాడీపేటలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఒక ఆఫీసులో అప్పుడే చేరాను. కాలేజీలో డ్రాయింగు బోర్డు మీద పెన్సిలుతో గీసిన చెయ్యి నాది. ఇక్కడ గీత అంటే రెండు చుక్కలు, వృత్తమంటే ఒక కేంద్రమూ ఒక వ్యాసార్ధమూ, చాపమంటే మూడు చుక్కలు. ఈ మూడూ వస్తే ఎంత మేడైనా గీసెయ్యొచ్చని నేర్పినాయన చెప్పాడు. ఆయన చెప్పని సంగతేమిటంటే, గీత మొదలుపెట్టగానే తెర అడుగున ఒక వరుస వెలిగి, తర్వాతి చుక్క ఎక్కడ అని అడుగుతుంది. అది మర్యాదగానే అడిగేది. నాకు మాత్రం వైవాలో బయటి కాలేజీ మాస్టారు నిలదీసినట్టు ఉండేది. జవాబు తోచక ఎస్కేప్ మీట నొక్కేసేదాన్ని. (మా కీబోర్డులో అన్నిటికన్నా ముందు అరిగిపోయింది ఆ మీటే.)

మా సారు మంచివారే గానీ మాట ఖరాఖండి. "ఈ మిర్చి రైతు ఇంటి ప్లాను నువ్వే గియ్యమ్మా. ఆయన ఒప్పుకున్నాడా, నీ ఉద్యోగం ఖాయం. లేదంటే నేను ఇంకోళ్ళని చూసుకోవాల్సిందే" అన్నారు. పొదిలిలో ఉన్న మా నాన్న ఇంకా ఖరాఖండి. "ఖాయమైతే ఉండు. లేకపోతే బట్టలు సర్దుకుని వచ్చెయ్. మీ అత్తయ్య బళ్ళో పిల్లలకి ఎక్కాలు చెప్పుకుందువుగాని" అన్నాడు. మా అత్తయ్య బడంటే నాకు హడలు. అక్కడ పిల్లలకన్నా టీచర్లే ఎక్కువ తిట్లు తినేవాళ్ళు. అందుకని ప్రాణాలన్నీ ఆ ఇంటి మీదే పెట్టుకుని గీశాను. గోడలకు గీతలు, తలుపులు తెరుచుకునే చోట చాపాలు, ఈశాన్యంలో తవ్వించబోయే బావికి ఒక వృత్తం. అన్నం తింటున్నా కంచం అంచు చూసి వ్యాసార్ధం ఎంతా అనుకునే స్థితికి వచ్చాను.

తీరా రైతుగారు ప్లాను చూడ్డానికి వచ్చే రోజున సారు మునిసిపల్ ఆఫీసులో చిక్కుకుపోయారు. రైతుగారు మిర్చి యార్డు నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, ఆయన పంచెలోంచి వచ్చిన ఘాటుకి నాకు వరసగా తుమ్ములు. ఆయన వెంట వాస్తు చూసే సిద్ధాంతిగారు. ప్లాను చూడ్డానికి వచ్చిన మనిషికి శుభమా అని తుమ్ముతో స్వాగతం చెప్పాను! సిద్ధాంతిగారు కాసేపు కుర్చీలో వెనక్కి వాలి ఆగి, ఆ తర్వాతే తెర వైపు తిరిగారు. మెట్లు చూసి "ఊఁ" అన్నారు. వంటగది చూసి అది కూడా అనలేదు.

"ఏం సిద్ధాంతిగారూ, నచ్చలా?" అన్నారు రైతుగారు. "నచ్చకపోతే మొహమాటం దేనికి? అరండల్‌పేటలో మావాడికి తెలిసినాయన ఉన్నాడు, అటు పోదాం."

"తప్పుల్లేవు గానీ విశేషమూ లేదు. ఏదీ, బావి దగ్గరగా చూపించమ్మాయ్" అన్నారు సిద్ధాంతిగారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

తెర మీద బావిని పెద్దది చేశాను. నేను గుండ్రంగా గీసిన బావికి మూలలొచ్చాయి! వృత్తం కాస్తా పలకలు పలకలుగా కనిపిస్తోంది. ఈశాన్యంలో బావి ఒక్క అడుగు అటూ ఇటూ అయితేనే వాస్తువాళ్ళు ఊరుకోరే, అలాంటిది బావికే మూలలొస్తే ఇంకేమన్నా ఉందా? ఆయన కళ్ళజోడు పెట్టుకునేలోగా దాన్ని చెరిపి కొత్త వృత్తం గీశాను. చక్కగా గుండ్రంగా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో రైతుగారు "ఇల్లంతా ఓసారి చూపించి, మళ్ళీ బావి చూపించమ్మాయ్" అన్నారు. చూపించాను. మళ్ళీ మూలలు! అత్తయ్య బడిగంట చెవుల్లో మోగింది. చెరపబోయాను.

"ఆగు! ఎందుకు చెరుపుతున్నావ్?" అని సిద్ధాంతిగారు గట్టిగా అని, తెర మీద వేలు పెట్టి పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆయన ఒక్కో అంకె అంటుంటే నాకు శిక్ష చదువుతున్నట్టే ఉంది. ఎనిమిది దగ్గర ఆగారు.

"ఎవరమ్మా గీసింది?"

"నేనేనండీ" అన్నాను.

"అష్టదిక్పాలకులకీ తలా ఒక మూల ఇచ్చావే! ఇంతకాలంగా ప్లాన్లు చూస్తున్నా, ఈ ఆలోచన ఒక్కళ్ళకీ రాలేదయ్యా" అన్నారాయన రైతుగారి వైపు తిరిగి. రైతుగారి మొహం వెలిగిపోయింది. నేను నోరు తెరిచేసరికి తుమ్ము వచ్చింది. (ఈసారి దాన్ని శుభశకునంగానే తీసుకున్నారు.)

సరిగ్గా అప్పుడే సారు వచ్చారు. తెర చూసి, "అయ్యో, రీజెన్ కొట్టలేదా? పెద్దది చేస్తే గుండ్రాలు ఇలాగే పలకలుగా కనిపిస్తాయి, బొమ్మ మళ్ళీ లెక్క కట్టుకుంటే సరిపోతుంది" అంటూ రెండు అక్షరాలు కొట్టారు. బావి బుద్ధిగా గుండ్రమైపోయింది.

"ఏందండీ మీరు!" రైతుగారు లేచి నిలబడ్డారు. "పిల్ల ముచ్చటగా ఎనిమిది మూలలు పెడితే గుండ్రం చేసి పారేశారు! నూతులన్నీ గుండ్రంగానే ఉంటయ్, దానికి మీదాకా రావాలా?"

సారు నా వైపు చూశారు. నేను ఎస్కేప్ మీట వైపు చూశాను. ఎంతమంది రైతుల ఇళ్ళు కట్టించిన మనిషి ఆయన! "అవునండీ, అది మా అమ్మాయి ప్రత్యేకంగా వేసింది. అలాగే ఉంచుతాం" అని, గొంతు తగ్గించి "పాలిగాన్ వచ్చా?" అన్నారు. తల అడ్డంగా ఊపాను. ఆయనే ఆ మాట కొట్టగానే, ఎన్ని భుజాలు అని తెర అడిగింది. సారు ఎనిమిది కొట్టారు. నాకు వచ్చిన నాలుగో బొమ్మ అదే.

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఉద్యోగం ఖాయమైందని చెబితే నాన్న "ఏం గీశావేంటి?" అన్నాడు. "బావి" అన్నాను. "ఇల్లు గియ్యమంటే బావి గీసినందుకు జీతమిస్తారా!" అని ఆశ్చర్యపోయాడు.

ఇప్పటి కంప్యూటర్లలో ఎంత పెద్దది చేసి చూసినా వృత్తం గుండ్రంగానే ఉంటుంది. నా దగ్గర పనిచేసే పిల్లలకు ఆ గుండెదడ తెలియదు. చెమట పట్టిన చేత్తో మౌసు పట్టుకున్న ఆ అమ్మాయిని తలుచుకుంటే జాలేస్తుంది. పక్కన కూర్చుని వీపు నిమిరి, "బావికేం కాలేదే పిచ్చిదానా, తెర మీద అలా కనిపిస్తోందంతే, రీజెన్ కొట్టు" అని చెప్పాలనిపిస్తుంది. మళ్ళీ నాలుక కరుచుకుంటాను. ఆ ముక్క ఆ అమ్మాయికి అప్పుడే తెలిసి ఉంటే, ఈపాటికి పొదిలిలో ఎక్కాలు చెబుతూ ఉండేది.