చంద్రుడి మీద కాకి

పట్టాభిరామయ్యగారికి తప్పులంటే ప్రాణం. తప్పులు పట్టేవాళ్లు ఊరికి నూరుగురు ఉంటారు. పట్టి, తమ మొహం ముడుచుకుని, ఎదుటివాడి మొహం కూడా ముడుచుకునేలా చేసి పోతారు. ఈయనకి తప్పు కనబడిందంటే పనసతొన దొరికిన పిల్లాడికి మల్లే మొహం విచ్చుకునేది. అచ్చుతప్పు, లెక్కతప్పు, వంటలో తప్పు, దేన్నీ చిన్నచూపు చూసేవారు కాదు.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఆయన ఉండే సందు మొదట్లో ఒక టిఫిన్ సెంటరు ఉండేది. బోర్డు రాసినవాడు చివర 'టమాటా బాత్' అని రాసి, దాని కింద 'రూములు అద్దెకు ఇవ్వబడును' అని రాయవలసింది, చోటు చాలక రెంటినీ ఒకే వరసలో ఇరికించాడు. 'టమాటా బాత్ రూములు అద్దెకు ఇవ్వబడును' అయి కూర్చుంది. ఆ బోర్డు కింద నిలబడి తినడం కోసం పట్టాభిరామయ్యగారు రోజూ అక్కడే టిఫిన్ చేసేవారు. ఊళ్లోంచి చుట్టాలొస్తే చార్మినార్ కంటే ముందు ఆ బోర్డే చూపించేవారు. హోటలాయన ఒక దసరాకి దాన్ని సరిచేయించాడు. మర్నాటి నుంచి ఈయన ఇంట్లో ఉప్మాతో సరిపెట్టుకున్నారు.

ఎదురింటి కామేశ్వరరావు కూతురి పెళ్లికి ప్రెస్సువాడు శుభలేఖలో రెండు మాటలు మింగేశాడు. 'వధూవరులను ఆశీర్వదించి, విందు ఆరగించి' అని ఉండాల్సినచోట 'వధూవరులను ఆరగించి' అని పడింది. ఊరంతా పంచాక చూసుకుని కామేశ్వరరావు తల పట్టుకున్నాడు. పట్టాభిరామయ్యగారు మాత్రం సంగతి తెలియగానే పరుగున వెళ్లి, తన దూరపు బంధువులకు కూడా పంపుకుంటానని ఇంకొన్ని కార్డులు అడిగి తెచ్చుకున్నారు. పెళ్లిలో అక్షింతలు వేస్తూ పెళ్లికొడుకుని ఎగాదిగా చూసి, "ఈ అబ్బాయిని వదిలేద్దాం రావుగారూ, అన్నీ ఎముకలే" అన్నారు. కార్డులు అచ్చయిన దగ్గర్నుంచీ నవ్వు మరిచిపోయిన కామేశ్వరరావు అప్పుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆయన భార్య రత్నమాలగారు మాత్రం, తన వంటకి మెప్పు రావాలంటే అందులో ఉప్పు వేయడం మరిచిపోవాలని అందరితో చెప్పుకునేవారు.

వాళ్ల పక్కవాటాలో పెరిగినవాడు రవికిరణ్. ఇప్పుడు రాయదుర్గంలో ఒక అద్దాల మేడలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మేనేజరు. ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే ఉద్యోగమని వినగానే పెద్దాయన పొంగిపోయారు. అతను తెచ్చిన మైసూర్‌పాక్ నోట్లో పెట్టుకుంటూ, దొరికిన తప్పుల్ని ఏం చేస్తారని అడిగారు. తీసేస్తామన్నాడు రవికిరణ్.

"అన్నీనా?"

"అన్నీ, బాబాయ్‌గారూ."

ఆయన మైసూర్‌పాక్ సగం కింద పెట్టి, కోళ్లు కోసేవాణ్ని చూసినట్టు చూశారు.

ఇంత తేడా ఉన్న ఇద్దరినీ కలిపి కట్టింది 'గ్రహాంతర గస్తీ'. రవికిరణ్ బడికి వెళ్లే రోజుల్లో ఆదివారం పొద్దున టీవీలో వచ్చిన తెలుగు సీరియల్ అది. ఆ వరసలో కలర్ టీవీ పట్టాభిరామయ్యగారింట్లోనే ఉండేది. పిల్లలంతా తలంట్లు పోసుకుని, తడిజుట్టుతో, కుంకుడుకాయ వాసనతో వచ్చి ఆయన చాప మీద కూర్చునేవారు. కెప్టెన్ సూర్యకేతు అంతరిక్ష నౌక అసలుకి ఒక ప్రెషర్ కుక్కరు. దాని విజిలు తీయడం కూడా మరిచిపోయారు. పైన దారం కనబడుతూనే ఉండేది. చంద్రుడి మీద కెప్టెన్ జెండా పాతితే ఎక్కడి నుంచో కాకి వచ్చి ఆ కర్ర మీద వాలింది. సెట్టుకి పైకప్పు లేదు కాబోలు. పట్టాభిరామయ్యగారు అన్ని భాగాలనూ వీడియో టేపుల మీద ఎక్కించుకుని, ఆ కాకిని ఎన్నిసార్లు వాలనిచ్చారో లెక్కలేదు. కొన్నేళ్లకు టేపులకు బూజు పట్టింది. ఆయన వాటిని పారేయడానికి మనసొప్పక అటక మీద దాచుకున్నారు.

ఇన్నేళ్ల తరవాత చెన్నైలో ఒక కంపెనీ ఆ సీరియల్ అసలు టేపుల్ని ఏదో గోదాములో సంపాదించి, కంప్యూటర్లతో శుభ్రం చేసి, బ్లూరే డిస్కుల పెట్టెగా విడుదల చేసింది. 'గస్తీ' అభిమానులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, దానికి పెద్ద రవికిరణే. వార్త రాగానే గ్రూపులో నడివయసు మగవాళ్లూ ఆడవాళ్లూ చిన్నపిల్లలైపోయారు. ఒక శనివారం రవికిరణ్ తన ఆఫీసులో ట్రైనింగ్ హాలు అడిగి పుచ్చుకున్నాడు. బాచుపల్లి నుంచి ఒక కాలేజీ లెక్చరరు అట్టకి వెండికాగితం చుట్టిన శిరస్త్రాణం పెట్టుకుని మరీ వచ్చాడు. కొందరు నిజంగానే తలంటు పోసుకుని వచ్చారు. హాల్లో ఏసీ చల్లదనంలో కుంకుడుకాయ వాసన వేసింది. ముఖ్య అతిథి ఎవరన్నదానికి చర్చే లేదు. ఇస్త్రీ చొక్కాలో పట్టాభిరామయ్యగారిని ముందు వరసలో కూర్చోబెట్టారు.

తెర మీద బొమ్మ పడగానే హాలంతా ఒక్క నిట్టూర్పు విడిచింది. అరిగిన టేపుల్లో బూడిద రంగనుకున్న కెప్టెన్ చొక్కా నెమలికంఠం రంగు. సూర్యకేతు కళ్ల కింద అలసట కూడా కనబడుతోంది. రవికిరణ్‌కి చిన్నప్పుడు చాప మీద తన పక్కనున్న వేరుశనగల పొట్లం, గోడ మీద క్యాలెండరు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. చంద్రుడి భాగం వచ్చింది. పెద్దాయన ముందుకు వంగి, అటూ ఇటూ ఉన్నవాళ్ల మోచేతులు పట్టుకుని "ఇప్పుడు" అన్నారు. జెండా పాతడం అయింది. కాకి రాలేదు.

దారాలూ లేవు, విజిలూ లేదు. ఆయన ఓర్చుకున్నారు. తరవాత అంగారకుడి భాగం వేశారు. కెప్టెన్ ఎర్రరంగు పూసిన గోనెసంచుల కొండ ముందు నిలబడి గంభీరంగా, "ఈ గ్రహం మీద ప్రాణి అన్నది లేదు" అంటాడు. పాత టేపులో సరిగ్గా అప్పుడే కొండ వెనక, బనీనుతో, భుజాన తువ్వాలుతో ఒక మనిషి సాసరులో టీ ఊదుకుంటూ తాగుతుంటాడు. చిన్నప్పుడు ఆ చోటు రాగానే చాప మీద పిల్లలంతా దొర్లేవారు. ఇప్పుడక్కడ నున్నటి ఎర్రటి ఆకాశం తప్ప ఏమీ లేదు.

పట్టాభిరామయ్యగారు లేచి నిలబడ్డారు. "టీ తాగే మనిషి ఏడిరా?"

కంప్యూటర్లో తుడిచేసి ఉంటారని చెప్పాడు రవికిరణ్.

"మనిషిని కూడానా?" అని, కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి కంపెనీకి ఫోన్లు మొదలయ్యాయి. అక్కడ దేవిశ్రీ అనే అమ్మాయి అభిమానుల కాల్స్ చూసేది. ముసలాయన రోజూ పొద్దున్నే ఫోన్ చేసి "అమ్మా, మా టీ మనిషి దొరికాడా?" అని అడిగేసరికి, ఇంట్లో ఎవరో తప్పిపోయారనుకుని మొదట్లో పోలీసుల దగ్గరికి వెళ్లమని సలహా ఇచ్చింది. సంగతి అర్థమయ్యాక ఓపిక నశించి రవికిరణ్‌కి చెప్పింది. సీరియల్ రెండో పెట్టె తయారవుతోంది, కానీ ఆ పెద్దాయన ఇలాగే వేధిస్తే హైదరాబాదులో ప్రదర్శన ఉండదని తమ మేనేజరు అంటున్నాడని. గ్రూపులో గొడవ రేగింది. ముఖ్య అతిథిని గ్రూపులోంచి తీసేయాలని కొందరు పట్టుబట్టారు. ఆ మాట ఆయన మొహాన చెప్పే పని రవికిరణ్ మీద పడింది.

సర్దిచెప్పడానికి పనికొస్తుందని మొదటి పెట్టెను చేత పట్టుకుని అతను కూకట్‌పల్లి వెళ్లాడు. పాత ఇల్లు పోయి అక్కడిప్పుడు అపార్ట్‌మెంటు లేచింది. గేటు దగ్గర వాచ్‌మన్ పెంటయ్య, అతని భార్య కనకమ్మ ఉంటారు. ఆమె మెట్ల కింద బట్టలు ఇస్త్రీ చేస్తుంది. కరెంటు పోయి లిఫ్టు ఆగిందని పెంటయ్య కుర్చీ వేశాడు. రవికిరణ్ చేతిలో పెట్టె మీది బొమ్మ చూసి, అతని మొహం వెలిగింది.

"గిందుల నేను గూడ ఉన్న సార్."

కనకమ్మ ఇస్త్రీపెట్టె ఆపకుండానే అందుకుంది. "ఇగ షురు జేసిండు. అంగారకుని మీద చాయ్ తాగిండట. పెండ్లయినప్పటి సంది గిదే ముచ్చట. మనుమలు గూడ నవ్వుతుండ్రు, జర సిగ్గుండాలె."

పెంటయ్య మొహం చిన్నబోయింది. వయసులో ఉన్నప్పుడు స్టూడియోలో లైట్లు మోసే కూలి పనికి వెళ్లేవాడినని, కొండ వెనక నిలబడితే కెమెరాకు కనబడనని అనుకున్నానని మెల్లగా చెప్పాడు. అప్పట్లో ఇంట్లో టీవీ లేదు. తనని తాను ఎన్నడూ చూసుకోలేదు, చూసినవాళ్లు చెబితే విన్నాడంతే. పైనున్న పెద్దసారు ఒక్కడే నమ్మాడన్నాడు.

రవికిరణ్ కరెంటు కోసం ఆగలేదు. మెట్లెక్కి వెళ్లి, ఈ సంగతి మాకెందుకు చెప్పలేదని అడిగాడు. పట్టాభిరామయ్యగారు దొరికిపోయిన దొంగలా కళ్లజోడు తుడుచుకున్నారు.

"చెప్పాక కంపెనీవాళ్లు కుదరదంటే? ఆ మనిషి ఊరందరి ముందూ మళ్లీ అబద్ధాలకోరే అవుతాడు. పిచ్చి నాదేననుకుంటే ఎవరికీ నామోషీ లేదు కదరా."

రవికిరణ్ అక్కడే కూర్చుని గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాడు. కళ్లు మూసుకుంటే 'గస్తీ'లో మొదట గుర్తొచ్చేది ఏమిటి? జవాబులు చినుకుల్లా పడ్డాయి. కాకి. విజిలు. కాకి. టీ తాగేవాడు. దారం. టీ తాగేవాడు. కెప్టెన్ పేరు ఒక్కరూ రాయలేదు. ముఖ్య అతిథిని తీసేయమన్న లెక్చరరు 'కాకి' అని రాసి, పక్కన దండం బొమ్మ పెట్టాడు.

వాటన్నిటితో అతను దేవిశ్రీకి ఫోన్ చేశాడు. పెంటయ్య పేరు ఎత్తలేదు. తన ఉద్యోగపు భాషలోనే, మీ సరుకులో పెద్ద లోపం ఉందమ్మా, ఉండాల్సిన తప్పులు కనబడటం లేదన్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో తప్పు లేదని ఫిర్యాదు చేయడం అతనికదే మొదలు. ఆ అమ్మాయి నవ్వి, శుభ్రం చేయని టేపు ఒకసారి తెప్పించుకుని చూస్తానంది. వారం తిరక్కుండా తనే ఫోన్ చేసింది. ఆ టీ మనిషిని చూశాక ఆఫీసంతా అతని అభిమానులైపోయారట. రెండో పెట్టెలో మొదటి భాగాల పాత బొమ్మను కూడా ఉన్నదున్నట్టుగా ఒక డిస్కు మీద ఇస్తున్నారట.

రెండో ప్రదర్శనకి పట్టాభిరామయ్యగారు పెంటయ్యనీ కనకమ్మనీ వెంటబెట్టుకుని వచ్చారు. మెత్తటి కుర్చీలో ఆనుకుని కూర్చోవడానికి మొహమాటపడి కనకమ్మ అంచు మీదే కూర్చుంది. చంద్రుడి మీద కాకి వాలగానే హాలు దద్దరిల్లింది. అంగారకుడొచ్చాడు. కెప్టెన్ ఈ గ్రహం మీద ప్రాణి అన్నది లేదన్నాడు. కొండ వెనక, మీసం కూడా సరిగ్గా రాని పెంటయ్య సాసరు ఎత్తి ఉఫ్ఫున ఊదుకున్నాడు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెంటయ్య మాత్రం తెర కేసి చూడలేదు, భార్య మొహం కేసి చూశాడు. కనకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు జెప్పకుంట గంత దూరం పోయినవా?"

"అప్పటికి మన పెండ్లి కాలె గదనే."

ఆమె ఆలోచించి, అదీ నిజమేనని ఒప్పుకుంది. తరవాత రవికిరణ్ వైపు తిరిగింది. "మల్లొకపారి వెయ్యుండ్రి సారూ. చాయ్‌ల చక్కెర ఏసుకున్నడో లేదో కనవడలే."